తార్నాక గోడ మీద నా మాట

మా నాన్న బస్సు డ్రైవరు. తార్నాక నుంచి యూనివర్సిటీ మీదుగా పోయే బస్సు నడిపేవాడు. అదే యూనివర్సిటీలో నేను తెలుగు ఎమ్మే చదువుతూ, నాలుగు పద్యాలు రాయగానే నా అంత కవి లేడని విర్రవీగుతున్న రోజులవి. అరవైల చివర.

తార్నాక చౌరస్తాలో బోర్డులు రాసే పెయింటరు ఒకాయన నన్ను ఎరుగును. ఒకరోజు పిలిచి, కార్లమ్మే దుకాణం వాళ్ళకు గోడ మీద ప్రకటన రాయాలి, జోరైన మాట ఒకటి చెప్పమన్నాడు. చాయ్ తాగేలోపు చెప్పేశాను: 'హారన్ కొట్టు, దారి నీదే!' వారం తిరగకుండా అది దూసుకుపోతున్న కారు బొమ్మ పక్కన, ఎర్రటి అక్షరాలతో గోడంతా పరుచుకుంది. రోజూ కాలేజీకి పోతూ సైకిలు ఆపి మరీ చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. మనిషి వెనక హారన్ కొట్టడమంటే నాన్నకు ఒళ్ళుమంట, ముఖ్యంగా గడ్డిమోపుల వాళ్ళ వెనక. అప్పట్లో యూనివర్సిటీ భూముల్లో గడ్డి కోసి, తార్నాకలో బర్రెలున్న ఇళ్ళకు మోసుకొచ్చే ఆడవాళ్ళు చాలామంది ఉండేవారు. "మోపు నెత్తి మీదుంటే మెడ తిరగదు. హారన్ కొడితే మనిషి మొత్తం తిరుగుతది, మోపు రోడ్డుకు అడ్డమొస్తది" అనేవాడు. గేరు తగ్గించి ఆమె వెనకే నడకన పోనిచ్చి, రోడ్డు వెడల్పైన చోట దాటేవాడు. బస్సులో జనం ఎంత గొణిగినా వినేవాడు కాదు.

వానలు వెలిసిన తర్వాత ఒక మధ్యాహ్నం, నాన్న బస్సు అట్లాగే ఒకామె వెనక మెల్లగా పోతోంది. వెనకనుంచి ఒక కారు హారన్ మోగిస్తూ బస్సును దాటుకుని వచ్చింది. ఆమె తిరిగింది. మోపు కారుకు తగిలి, ఆమె రోడ్డు మీద పడింది. కారు ఆగలేదు. నాన్న ఆమెను బస్సులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ప్రాణం దక్కింది గాని తుంటి విరిగింది.

ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా అన్నాడు: "ఆ గోడ మీది మాట ఎవడు చెప్పిండో గాని, వాడు స్టీరింగు పట్టినోడైతే కాదు."

"నేనే చెప్పిన నాయినా" అన్నాను. ఆ కారాయన అది చదివాడో లేదో అని కూడా నసిగాను.

"ఆయన సంగతి నాకు తెల్వదు. నువ్వు రాయించినవు గద?" అన్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాడు దుకాణానికి పోయి ఆ మాట తీసేయమని అడిగాను. "మంచిగున్నది కద, అందరి నోట్ల అదే ఉన్నది" అని మేనేజరు నవ్వాడు. అంతకుముందైతే ఆ మెప్పుకు పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు ఒళ్ళు మండింది. పెయింటరు మాత్రం సంగతి వినగానే సున్నం బకెట్టు, కుంచె నా చేతిలో పెట్టాడు. "దుకాణమోళ్ళకు నేను చెప్పుకుంట, నువ్వు కొట్టు" అన్నాడు. నేను సున్నం కొడుతుండగా నాన్న బస్సు రెండుసార్లు నా వెనకనుంచి పోయింది. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

ఆ గడ్డిమోపామె ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, ఒక ఆదివారం లాలాగూడ దగ్గర ఆమె ఇంటికి పోయాను. మంచంలో ఉంది. గోడ మీది మాట నాదేనని చెప్పి తల దించుకున్నాను.

"నాకు చదువు రాదు బిడ్డా, గోడ మీద ఏమున్నదో నాకేం ఎరుక?" అంది. నేనింకా అట్లాగే నిలబడి ఉంటే, తప్పు తనదేమో అన్నట్టు మెల్లగా చెప్పింది:

"హారన్ ఇనవడంగనే, దారి ఇద్దామనే తిరిగిన."