అత్త గేటు తీసేసే ఏడు

నిన్న తిరుపతిలో వడమాలపేట బస్సెక్కి కూర్చోగానే ఫోన్ నాకొక కానుక ఇచ్చింది. "ఏడేళ్ళ కిందట ఈ రోజు" అని, వెనకాల మెత్తటి సంగీతం పెట్టి, ఒక ఫోటో చూపించింది. ఇనుప గేటు, గొలుసు, తాళం, కడ్డీల సందుల్లోంచి నా వైపే చూస్తున్న మేకల ముఖాలు. తీసింది నేనే. కింద ఆ రోజు నేను రాసిన మాట కూడా చెక్కుచెదరలేదు: "ఇది సత్రం కాదు." ఫోన్ దాన్ని తీపి గుర్తు అనుకుంది. దాని తప్పేం లేదు, ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను. బస్సులో వెళ్తున్నది కూడా ఆ గేటున్న మా అత్త ఇంటికే.

అత్త అంటే మా నాయనకి అక్క. పెళ్ళి చేసుకోలేదు, చేను చేసుకుంది. రెండెకరాలు. ఆరేళ్ళు చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేస్తుంది, ఏడో ఏడు దున్నడానికి మడక కూడా కట్టదు. బైబిల్లో యూదులకిచ్చిన చట్టం అది. ఏడో ఏడు నేలకి విశ్రాంతి. ఆ ఏడు దానంతటది మొలిచింది ఆసామికి, కూలికి, దారినపోయేవాళ్ళకి, పశువుకి అందరికీ సమానం. అలాంటి ఏడేళ్ళు ఏడుసార్లు గడిస్తే, యాభయ్యో ఏట కొమ్ము ఊదుతారు, పోగొట్టుకున్న చోటికి ఎవరికి వాళ్ళు తిరిగొస్తారు. ఆ చట్టం ఇశ్రాయేలు నేలకే గానీ వడమాలపేటకి వర్తించదని పాస్టరుగారు ఎంతో ఓపికగా చెప్పి చూశారట. "మన్ను యాడున్నా అలిసిపోతాది కదయ్యా" అనిందట అత్త. నేనూ ఊరుకోలేదు. ఫోన్లో వెతికి, యూదుల లెక్కలో ఇది ఏడో ఏడు కానే కాదని చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అంతా చదివి, తన లెక్క తాను మడక పట్టిన ఏటి నుంచని చెప్పి ఫోన్ నా చేతిలో పెట్టేసింది. ఏడో ఏడు రాగానే ఆవిడ చేసే పని ఒక్కటే: చేని గేటు ఊడదీసి కొట్టం గోడకి ఆనించడం.

ఏడేళ్ళ కిందట నాకు ఇరవై రెండు. బెంగళూరులో మేనేజరుతో గొడవపడి, ఉద్యోగం వదిలేసి అత్త ఇంట్లో దిగాను. కోపం ఇంకా దిగలేదు, ఎవరి మీద దింపాలో తెలియలేదు. అత్త కంటి పరీక్షకి తిరుపతి పోయిన రోజు, రోడ్డవతలి పల్లె నుంచి మేకలామె పదకొండు మేకల్ని తోలుకుని నేరుగా చేలోకి వచ్చింది. మీ అత్త రమ్మనింది పాపా, అంది. రమ్మన్న సంగతి నాకూ తెలుసు, పొద్దున్నే అత్త చెప్పే పోయింది. కానీ అత్త అమాయకత్వాన్ని ఊరంతా వాడుకుంటోందని అప్పటికే తీర్పు ఇచ్చేసుకున్నాను. మేకల్ని కొట్టంలోకి తోలి, ఆ గేటునే అడ్డం పెట్టి తాళం వేసి, ఫోటో తీసి స్టేటస్ పెట్టాను. ఆమె గోడ నీడలో కూర్చుంది.

"ఇంటికాడ పాలుతాగే పిల్లలుండాయి పాపా. తల్లుల్నన్నా ఇడిసిపెట్టు."

అత్త వచ్చాక చూద్దామన్నాను, ఫోన్లోంచి తలెత్తకుండా. మధ్యాహ్నానికి కొట్టం మట్టిలో తెల్లటి చుక్కలు కనిపించాయి. పొదుగులు నిండిపోయి పాలు వాటంతటవే కారుతున్నాయి. అవి పాలని అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా తాళం తీయలేదు, తీస్తే ఓడిపోయినట్టుంటుందని. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం బస్సు దిగిన అత్త, కళ్ళలో చుక్కల మందు మసకలోనే సంగతి గ్రహించింది. తాళంచెవి అడిగి తీసుకుంది. మేకలామెకి చేతులు జోడించింది. "సిన్నపిల్ల కదక్కా, పోనీలే" అనేసి ఆమె మేకల్ని దాదాపు పరిగెత్తించుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆమె రాలేదని పల్లెలో ఇంకెవరూ రాలేదు. అత్త రెండుసార్లు పోయి పిలిచింది, రేపు వస్తామన్నారు. మోకాలెత్తు గడ్డి, తనంతట మొలిచిన చెనిక్కాయ, అన్నీ నిలబడే ఎండిపోయాయి. నేను ఊరెళ్ళే రోజు అత్త అంది: "గేటు తీస్తే సాలదు పాపా. లోపలికి రావాలని వాళ్ళకి అనిపించల్ల. ఎవురూ తినకపోతే అది విశ్రాంతి కాదు, ఉట్టి బీడు."

అత్త లెక్కలో ఏడో ఏడు రావడం ఇది ఏడోసారి. వచ్చేది యాభయ్యోది, కొమ్ము ఊదే ఏడు. ఈసారన్నా చేను బీడు కాకూడదని, బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా పల్లెలోకి పోయాను. మేకలామె జుట్టు పూర్తిగా నెరిసింది. తప్పయిపోయింది చిన్నమ్మా, మేకల్ని తోలుకుని రా అన్నాను. ఇన్నేళ్ళూ బట్టీపట్టిన మాటలు అంతకంటే చాలా ఉన్నాయి, రాలేదు.

"అదంతా యాడ గుర్తుండాది పాపా" అని నవ్వింది. "వస్తాంలే. కూసో, మజ్జిగ తాగు."

తాగాను. చల్లగా, కరివేపాకు వాసనతో ఉంది. గుండె కొంచెం తేలికైంది కూడా.

ఈ సాయంత్రం అత్తా నేనూ చేను గట్టున కూర్చున్నాం. మొదటిసారి ఫోన్ ఇంట్లో వదిలొచ్చాను. మేకలు వచ్చాయి. గేటు లేని చోటు చూసి ముందున్న మేక లోపలికి మెడ చాచింది. మేకలామె గబగబా ముందుకొచ్చి, చేతిలో కర్రని ఆ ఖాళీకి అడ్డంగా పట్టుకుని, చివరి మేక మా చేను దాటిపోయేదాకా అలాగే నిలబడింది. మావైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు, దాన్నే భరించలేకపోయాను. అత్త, వచ్చే ఏడు సూద్దాంలే పాపా, అంది.

నేను వేసిన తాళం ఆ రోజే తీశారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఫోన్ లెక్కలో ఏడేళ్ళు గడిచాయి. ఆ కర్ర దగ్గర మాత్రం ఇంకా ఆ మధ్యాహ్నమే నడుస్తోంది.