పిడుదుల టీకా

మొన్న జగ్గయ్యపేటలో మా పాపకు టీకా వేయిస్తుంటే, స్పిరిట్ వాసనకు వీరులపాడులోని మా గొడ్లపాక గుర్తుకొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పక్కింటి జెర్సీ ఆవుకు నెత్తురు పీల్చే పిడుదులు పట్టి జ్వరమొచ్చింది. పశువుల డాక్టరుగారు ఇంజెక్షన్ వేసిన సాయంత్రమే అది చచ్చిపోయింది. ఆ సూదే చంపిందనుకున్నాను. నెల తిరక్కుండానే ఆయన మా జెర్సీ దూడ గౌరికి కూడా సూది వేయడానికి వచ్చారు. నేను దాన్ని విప్పుకుని కందిచేలోకి పారిపోయాను.

నాన్నా డాక్టరుగారూ వెతుక్కుంటూ వచ్చారు.

"దీన్ని చంపొద్దండీ," అని ఏడ్చాను.

డాక్టరుగారు గట్టు మీద కూర్చున్నారు. "ఆ ఆవుకి జ్వరం బాగా ముదిరాక నన్ను పిలిచారమ్మా. ఇది ఆ జ్వరం రాకుండా ముందే వేసే టీకా. దూడ తల నువ్వే పట్టుకో."

పాకకు తోలుకొచ్చాక, స్పిరిట్ వాసన గుప్పుమంటుంటే పట్టుకున్నాను. గౌరి ఒక్కసారి ఒళ్లు జలదరించుకుంది, అంతే.

మర్నాడు నేను పాకలోకి పరిగెత్తేసరికి అది తల్లి పొదుగు కుమ్ముతూ పాలు తాగుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చేలో నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు. ఎందుకో చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది. టీకా వేసిన మర్నాటి పొద్దున నాన్న కూడా భయంతో నాకంటే ముందే లేచి, దూడ చెవులు పట్టుకుని జ్వరముందేమోనని చూసొచ్చారట.