అంగూరు పందిరి కాయని ఏడు

మా బడి గురించి పుస్తకం వేస్తున్నారట. ఏ ఫాదర్ ఎప్పుడు వచ్చాడు, ఏ గది ఎవరి చందాతో లేచింది, అవన్నీ ఆఫీసు బీరువాలో ఉంటాయి, నన్ను అడగొద్దు. నాకు చదువు లేదు. పేరు రాయమంటే రాస్తాను, అంతే. నేను చెప్తుంటే ఆఫీసు అమ్మాయి రాసుకుంటోంది. నాకు తెలిసిందల్లా అంగూరు పందిరి. ద్రాక్షను మా దిక్కు అంగూరు అనే అంటాం.

అలియాబాద్ చుట్టుపక్కల అప్పట్లో ఎటు చూసినా అంగూరు తోటలే. ఇప్పుడు ప్లాట్లు, ఫంక్షన్ హాళ్ళు. మా బడి కూడా తోటలోనే పుట్టింది. మొదటి ఏడు పిల్లలు కూర్చున్నది పండ్లను పెట్టెలకెత్తే రేకుల షెడ్డులో. మొదటి ఫాదర్ తోటంతా తీయించి, చర్చి పక్కన ఒక్క పందిరి మాత్రం ఉంచాడు. తోటలో కూలి చేసే మా ఆయనను కూడా పందిరితో పాటే ఉంచుకున్నాడు.

ఆ పందిరితో బడికి రెండు పద్ధతులు వచ్చాయి. ఒకటి, శనివారం మధ్యాహ్నం హాస్టల్ పిల్లలకు తోట పని. షావుకారు కొడుకైనా సరే పేడ తట్ట ఎత్తాల్సిందే. రెండోది, పదో తరగతి వాళ్ళకు హాల్‌టికెట్లు ఇచ్చే రోజుది. ప్రార్థన అయ్యాక ఫాదర్ ఒక చేతిలో హాల్‌టికెట్టు, ఇంకో చేతిలో మా పందిరి గుత్తి పెడతాడు. ఇంట్లో అమ్మకు ఇవ్వమని చెప్తాడు. సగం మంది బస్సెక్కక ముందే తినేస్తారు, అది వేరే సంగతి. మన దేవుడా వాళ్ళ దేవుడా అని ఎవరూ చూడలేదు. సాయిబుల పిల్లలూ పట్టుకుపోయారు, మా పిల్లలూ పట్టుకుపోయారు.

మా ఆయనకు ఊపిరి జబ్బు చేసిన ఏడు, ఎండాకాలం కోత నేనే చేశాను. అప్పటికి ఎనిమిదో తరగతిలో ఉన్న హాస్టల్ పిల్లలకు నేనే నేర్పాను. కొమ్మ మీద చిగురొచ్చే చోటును కన్ను అంటాం. ఒక్క కన్ను ఉంచి మిగతాది కత్తెరతో కోసేయాలి. పిల్లలు జల్దీ పట్టుకున్నారు. దసరా కోత సంగతి మాత్రం చెప్పలేదు. అది ఆయన చెప్తాడులే అనుకున్నాను.

ఆయన దసరాకు ముందే పోయాడు.

ఆ ఏడే కొత్త ఫాదర్ వచ్చాడు, గుంటూరు దిక్కు మనిషి. మా ఆయన చేసిన పని నాకివ్వమని అడిగితే, "ఈ పంట చూద్దామమ్మా, ఆ తర్వాత ఉద్యోగం ఆర్డర్ సంగతి మాట్లాడదాం" అన్నాడు. తప్పేం లేదు, నా పని ఆయనకేం తెలుసు? కానీ నాకు ఉన్నది ఆ పని ఒక్కటే.

దినాలు కాకముందే, నేను నేర్పిన పిల్లల్లో ఆరుగురు, అప్పటికి తొమ్మిదికి వచ్చినవాళ్ళు, వార్డెన్‌ను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. చేతుల నిండా గీతలు. ముఖాల్లో మాత్రం సంబరం దాగడం లేదు.

"పెద్దమ్మా, నువ్వు పరేషాన్ గాకు. కటింగ్ అంత మేమే జేసినం."

"అంతనా?"

"అంత. ఒక్క కొమ్మ ఇడువలే. నువ్వు సూపెట్టినట్టే, ఒక్కటే కన్ను ఉంచినం."

ఎండాకాలం కోత కొమ్మ బలానికి. దసరా కోత కాయకు. దసరాకు అయిదారు కళ్ళు ఉంచాలి. గుత్తి వచ్చేది ఆ పై కళ్ళ నుంచే. ఒక్క కన్ను ఉంచితే ఆకే తప్ప కాయ రాదు. ఆ ఏటి పంట కత్తెర కింద పడిపోయింది.

కానీ ఆ పది రోజుల్లో మా ఇంటికి వచ్చి ఏడ్చినవాళ్ళు ఉన్నారు, తిని పోయినవాళ్ళు ఉన్నారు. నా పని తలకెత్తుకున్నది ఈ పిల్లలే. "మస్తు కోసిండ్రు బిడ్డా. చాయ్ తాగి పోండ్రి" అన్నాను.

ఫాదర్‌కు చెప్పలేదు. భయం. అడిగినప్పుడల్లా "ఇంకా టైమున్నది ఫాదర్" అంటూ వచ్చాను. పందిరి మాత్రం ఆకుతో నల్లగా కమ్ముకుంది.

క్రిస్మస్‌కు పందిరి కింద పశువుల పాక కడుతున్నాం. పిల్లలు గడ్డి మోస్తున్నారు. పదో తరగతి వాడొకడు పైకి చూసి తొమ్మిదో తరగతి వాళ్ళ మీద పడ్డాడు.

"ఏంరా, ఈసారి ఆకులు పంచుతరా మాకు? మేకల లెక్క గనిపిస్తున్నమా?"

"నీకు గడ్డి గూడ ఇస్తం తియ్యన్నా, నెత్తి మీదనే ఉన్నది."

అందరూ నవ్వారు. ఫాదర్ నవ్వలేదు. ఆయనా పైకి చూశాడు. "అవునమ్మా, గుత్తులేవి?"

మంచుకు పూత రాలిందని చెప్పాలని ముందే అనుకుని ఉన్నాను. నోటి దాకా వచ్చింది కూడా. అంతలో కోత కోసిన పిల్లల్లో ఒకడు, "మేం మంచిగనే కోసినం గద పెద్దమ్మా? వచ్చే దసరాకు గూడ గిట్లనే కోస్తం" అన్నాడు.

మంచు అని చెప్తే నా పని నిలుస్తుందేమో. కానీ వీళ్ళు మళ్ళీ ఇట్లాగే కోస్తారు.

"మంచిగ కోసిండ్రు బిడ్డా. తప్పు నాది. ఫాదర్, రెండు కోతలు ఉంటయి, నేను ఒక్కటే నేర్పిన. మీకు గూడ ఇన్ని దినాలు అబద్ధం జెప్పిన."

పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఫాదర్ మాత్రం "రెండూ చూపించండి" అన్నాడు. ఆ గడ్డిలోనే నిలబడి కొమ్మ వంచి చూపించాను. ఆయన కళ్ళద్దాలు ఎత్తి దగ్గరగా చూశాడు, తన చేత్తో కళ్ళు లెక్కపెట్టాడు.

హాల్‌టికెట్ల రోజుకు మేడ్చల్ మార్కెట్ నుంచి పండ్లు తెస్తానన్నాను. వద్దన్నాడు. ఆ రోజు చర్చిలో తొమ్మిదో తరగతి పిల్లవాడిని లేపి, పందిరి ఎందుకు కాయలేదో అన్నలకు చెప్పమన్నాడు. వాడు తమ కోత సంగతంతా చెప్పాడు. పదో తరగతి వాళ్ళు ఒక చేతిలో హాల్‌టికెట్టుతో, ఇంకో చేయి ఖాళీగా పోయారు. పోతూ పోతూ వాడి వీపు మీద తలా ఒక దెబ్బ వేశారు, గట్టిగా కాదు.

ఎండలు ముదిరాక ఫాదర్ ఆఫీసుకు పిలిచాడు.

"పంట చూస్తమన్నరు ఫాదర్. పంట లేకపాయె."

"పందిరి మళ్ళీ కాస్తుందా?"

"ఎందుకు గాయది? కాస్తది."

"పిల్లలకు ఎవరు నేర్పుతారు?"

"నేనే నేర్పుత."

"అయితే ఈ ఆర్డర్ కింద పేరు రాయండి."

అప్పటికి కొత్తగా ఎనిమిదికి వచ్చేవాళ్ళు పందిరి కింద ఎదురుచూస్తున్నారు. కోత మొదలుపెట్టక ముందే రెండు కొమ్మలు తెంపి, ఒకటి ఎండాకాలానికని పొట్టిగా, ఒకటి దసరాకని పొడుగ్గా కోసి, ఒక్కొక్కడి చేతికిచ్చి వేలితో తడమమన్నాను. అందరి చేతులూ తిరిగేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ రోజు కోత నాలుగు తీగలకే ఆగింది. కానీయ్ అనుకున్నాను.