కింది రెప్ప ఎరుపు

గొర్రెల పెద్దమ్మ బొటనవేలు ఊరికే ఉండదు. పొద్దున మంద దొడ్డి దాటేముందు ఒక్కో గొర్రె కింది రెప్పను లాగి చూస్తుంది. ఎర్రగా ఉంటే వదిలేస్తుంది. పాలిపోయి ఉంటే కడుపులో పురుగులు నెత్తురు తాగుతున్నాయని మందు పోస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాల రెప్పలు కూడా వదలదని కోడలి ఫిర్యాదు. మందు అవసరం పడని గొర్రెల పిల్లల్నే ఇరవై ఏళ్లుగా ఏరి పెంచుకుంది. ఇవాళ వాటిలో మేటిదైన నల్లచెవుల గొర్రె రెప్ప సున్నం కొట్టినట్టుంది. దాని పిల్లలే మందలో సగం. పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుంది. గొర్రెను నీడకు తెచ్చింది, మళ్లీ ఎండలోకి లాగింది. తన చూపు మీదే అనుమానమొచ్చి కోడల్ని పిలిచి ఆమె రెప్ప లాగింది.

"ఎర్రగానే ఉందిగా అత్తయ్యా?"

"నీకేం, బాగానే ఉన్నావు. మరి దీనికేమొచ్చింది?"

కబురందుకుని మందు తెచ్చిన పశువుల డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "మీరు గట్టి గొర్రెల్ని ఏరారు పెద్దమ్మా. వాటి కడుపులో ఎలాగోలా బతికిన పురుగులే గుడ్లు పెట్టాయి. ఏటేటా ఆ పురుగుల సంతానమూ గట్టిపడింది."

ఆమె నల్లచెవుల గొర్రె నోరు తెరిచి మొదటిసారి మందు పోసింది. బొటనవేలు మాత్రం దాని రెప్ప మీదే ఉండిపోయింది.

"అయితే డాక్టరు బాబూ, ఇన్నేళ్లూ నేను ఏరి పెంచింది గొర్రెల్నా, పురుగుల్నా?"