కేసు పడిన పుస్తకం

బొబ్బిలి నుంచి విజయనగరం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన కోర్టు వాయిదాకి వెళ్తున్నాడు. ఆయన ఒక మంత్రి జీవితచరిత్ర రాస్తే, ఆ మంత్రే పరువునష్టం దావా వేశాడట.

"ఏటి రాసేరేటి?" అన్నాను.

"ఆళ్ళమ్మ సేపల గంప మోసి సదివించిందని రాసాను. ఆ ముక్క ఆఖర్నెక్కడో ఉన్నాది బాబూ. అందాకా సదివేడు సూడు," అని మురిసిపోయాడు.

నాకు కడుపు మండిపోయింది. నేనూ ఒక ఎమ్మెల్యే చరిత్ర రాశాను. ఆవిష్కరణ సభలో ఆయన రిబ్బను విప్పి, పుస్తకాన్ని ఫొటోకి చూపించి, నాకు శాలువా కప్పాడు.

దిగబోతూ పెద్దాయన, "నువ్వేటి సేస్తావు బాబూ?" అన్నాడు. కిరాణా కొట్టుందని అబద్ధమాడాను.

నా పుస్తకంలో ఎమ్మెల్యేగారి పెళ్లి అధ్యాయాన్ని బైండింగువాళ్లు తలకిందులుగా కుట్టేశారు. దానికైనా ఆయన ఫోన్ చేసి తిడతాడని ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.