శరభకోట ఉత్తర ద్వారం, నా మీసం

మా నిశ్చితార్థం ఫొటోల్లో నిర్మల చక్కగా నవ్వుతూ ఉంటుంది. పక్కన నేను జేబురుమాలుతో మూతి తుడుచుకుంటూ ఉంటాను. ఆల్బం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే రుమాలు, అదే మూతి. చూసినవాళ్లు "పాపం, పిల్లోనికి ఆపొద్దు జలుబు చేసినట్టుండాది" అని జాలిపడతారు. జలుబూ లేదు, గిలుబూ లేదు. ఆ రుమాలు వెనక జరిగిన ఘోరాన్ని ఇవాళ ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ముందే చెబుతున్నాను, ఇందులో నేను తెలివిగా నడుచుకున్న చోటు ఒక్కటీ లేదు. వెతికి కళ్లు నొప్పి పుట్టించుకోకండి.

నాలుగేళ్ల కిందటి మాట. వేంపల్లెలో నాది బోరు మోటార్లకు వైండింగు చేసే అంగడి. పక్క షట్టరు మస్తాన్ వలీది, టైలరు. చిన్నప్పటి నుంచి స్నేహితులం. మా మధ్య ఏ పొరపొచ్చమూ లేకుండా బతుకుతుంటే 'శరభకోట' అనే సీరియల్ వచ్చిపడింది. మాయలు, రెక్కల జంతువులు, కోటలు, కత్తులు. ప్రతి శుక్రవారం ఫోన్లో కొత్త భాగం వచ్చేది. శనివారం పొద్దున్నే మా ఇద్దరి అంగళ్లలో పని ఆగిపోయేది.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. శరభకోటకు రాజు విక్రాంతుడు. అతని తమ్ముడు రణధీరుడు. ఉత్తర ద్వారం బాధ్యత తమ్ముడిది. రెండో సీజను చివరి భాగంలో శత్రువులు వచ్చి నిలబడితే, ఈ రణధీరుడు తన చేత్తో గడియ తీసి తలుపు తెరిచాడు. అన్న చచ్చిపోయాడు. తమ్ముడు కన్నీళ్లు పెట్టుకుంటుండగా సీజను అయిపోయింది. ఎందుకు తెరిచాడో తెలియాలంటే ఇంకో ఏడాది ఆగాలట!

మేము ఆగే రకమా?

"అన్న బిడ్డలు శత్రువుల చేతిలో ఉండారప్పా. వాళ్లను కాపాడేకి తెరిచినాడు. దేవుడట్లాంటోడు" అన్నాను నేను.

"దేవుడా? సింహాసనం కోసం తెరిచినాడు. వాని చూపు చూడలేదా నువ్వు? పక్కా దొంగచూపు" అన్నాడు మస్తాన్, బొత్తం కుడుతూ.

"ఏడుస్తాండాడు గదా!"

"అన్నను చంపిచ్చి ఏడవకపోతే జనం ఊరుకుంటారా?"

ఇలా మూడు వారాలు. ఈ గొడవలో పడి ఒక రైతు మోటారుకు తీగల కొసలు తారుమారుగా కలిపాను. అది నీళ్లు పైకి తోడను పొమ్మని ఉల్టా తిరిగింది. మస్తాన్ ఒక పెద్దమనిషి చొక్కాకు రెండు చేతులూ ఎడమ పక్కవే కుట్టాడు. చివరికి ఒకరోజు వాడు కత్తెర బల్ల మీద కొట్టి, "రేయ్ ఓబులేసూ, మగోనివైతే పందెం కట్టు. ఎవురు తప్పయితే వాళ్లు మీసం తీసేయల్ల" అన్నాడు.

నేను మీసం దువ్వి "కట్టినా" అన్నాను.

ఇక్కడ ఒక సంగతి మీకు తెలియాలి. అప్పటికి నా నిశ్చితార్థం ఆరు రోజుల్లో ఉంది. రాయచోటి అమ్మాయి. పెళ్లిచూపులనాడు నా గురించి వాళ్లమ్మతో ఒకే ఒక మంచి మాట చెప్పిందట: "మీసం బాగుండాది." నా చదువు గురించి లేదు, అంగడి గురించి లేదు, ముక్కు గురించి అసలే లేదు. ఆ సంబంధం మొత్తం నా ముక్కు కింద వేలాడుతోంది. దాన్నే తీసుకెళ్లి పందెంలో పెట్టాను.

ఏడాది ఆగి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. కానీ నాకు అప్పటికప్పుడు గెలవాలి. తీర్పు చెప్పేవాడు కావాలి. సీరియల్ చూసినవాళ్లంతా ఏదో ఒక పక్క చేరిపోయారు. చూడనివాడు, న్యాయం తెలిసినవాడు కావాలి. అలాంటివాడు మా ఊళ్లో ఒక్కడే, గంగిరెడ్డి పెద్దనాయన. అన్నదమ్ముల భాగాలు, గట్టు తగాదాలు, బోరు తగాదాలు, ఏవైనా సరే ఆయన వసారాలో తెల్లారి మొదలై కూటి పొద్దుకు తేలిపోతాయి. స్టేషను దాకా పోనివ్వడు.

"సీరియల్ అంటే కట్టె తీసుకుంటాడు రేయ్" అన్నాడు మస్తాన్.

"సీరియల్ అని ఎవడు చెప్తాడు? మంగంపేట పక్క ఒక ఇంట్లో జరిగిందని చెప్తాం. ఆయనకు ఆ పక్క ఎవురూ తెల్దు."

"వద్దు ఓబులేసూ. పెద్దాయనతో అబద్ధం వద్దు."

"నువ్వు భయపడితే మీసం ఇప్పుడే తీసేయ్, నేను ఇంటికి పోతా."

వాడు షట్టరు దించి వెంట వచ్చాడు.

పెద్దనాయన అప్పుడే జొన్నరొట్టె తిని చేతులు కడుక్కుంటున్నాడు. కూర్చోమన్నాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఇద్దరు అన్నదమ్ములు, విక్రాంతప్ప, రణధీరప్ప. పెద్ద ఇల్లు. ఉత్తరం దిక్కు తలుపు. శత్రువులొస్తే తమ్ముడే తీశాడు. పిల్లల కోసమా, ఆస్తి కోసమా? చెప్పు పెద్దనాయనా.

ఆయన తొందరపడలేదు. ఆయన పద్ధతే అంత, అడగాల్సినవన్నీ అడిగి గాని తీర్పు చెప్పడు.

"ఇల్లు ఎంత పెద్దది?"

"శానా పెద్దది పెద్దనాయనా. చుట్టూ కందకం ఉండాది."

"కందకమా?"

"అదే... కాలవ."

"నీళ్లు పారతాయా! మంగంపేట పక్క అంత నీళ్లు యాడివి?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. "సరే. ఇంటికి కాపలా ఏముండాది?"

కోటను కాచేది ఏడు తలల శరభం. "ఒక జంతువు ఉండాది" అన్నాను.

"కుక్కా?"

"అట్లాంటిదే. కొంచెం పెద్దది."

"దానికి కూడు ఎవురు పెడతారు?"

"తమ్ముడే. దినానికి నలభై గొర్రెలు..."

"నలభయ్యా?"

"రొట్టెలు! నాలుగు రొట్టెలు" అన్నాను. మస్తాన్ దగ్గుతున్నట్టు నటిస్తూ తువ్వాలులో మొహం దాచుకున్నాడు.

"తాళంచెవి ఎప్పుడూ తమ్ముని దగ్గరే ఉండెనా?"

"మధ్యలో ఒకసారి ఏట్లో పోగొట్టుకున్యాడు. అన్న అడిగితే నా దగ్గరే ఉండాదని చెప్పినాడు. అది పెద్ద విషయం కాదులే పెద్దనాయనా."

ఆయన "ఊఁ" అని, "రెండు పక్కలా వినకుండా నేను తీర్పు చెప్పను. రేపు పొద్దున ఆ అన్నదమ్ములిద్దర్నీ పిల్చుకొని రా" అన్నాడు.

నిజం చెప్పడానికి అది మొదటి అవకాశం. మస్తాన్ నా తొడ మీద గిల్లాడు. నేను వదులుతానా?

"రాలేరు పెద్దనాయనా. అన్న చచ్చిపోయినాడు."

"ఎట్ల?"

"అదే... తలుపు తీసినాక... కత్తులతో..."

పెద్దనాయన లేచి నిలబడ్డాడు. "మనిషి చచ్చిపోయినాడని ఇంతసేపు చెప్పకపోతివే! కాలవ గురించి, కుక్క గురించి చెప్తాండావా? రేపు ఆ చచ్చినోని మనుషులు గమ్మునుంటారా? మళ్లా ఇంకో తల లేస్తాది. లే. జీపు తియ్యమని చెప్తా. ఇప్పుడే పోదాం మంగంపేటకు."

రెండో అవకాశం. నోరు తెరిచాను. "అంత దూరం ఎందుకులే పెద్దనాయనా, ఎండగా ఉండాది" అనే మాట వచ్చింది. ఆయన నా వైపు చూసిన చూపుకు నేనే పోయి జీపులో కూర్చున్నాను, పక్కన మస్తాన్.

ఆయన డ్రైవరు పక్కన ఎక్కాడు. ఒకచోట జీపు ఆపించి, "ఆ చచ్చిపోయినోనికి బిడ్డలుండారా?" అని అడిగాడు.

"ఇద్దరు" అన్నాను. సీరియల్లో ఇద్దరే.

ఆయన దిగి ఒక అత్తం అరటిపళ్లు కొనుక్కొచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. "బిడ్డలుండే ఇంటికి ఉత్త చేతులతో ఎట్ల పోతాం" అన్నాడు. అప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది. ఆ ఎండలో, ఆ వయసులో, లేని పిల్లల కోసం ఆయన పళ్లు పట్టుకుని కూర్చున్నాడు. చెప్పేయాలని గొంతు దాకా వచ్చింది. చెబితే పందెంలో వెనక్కి తగ్గినట్టే, మీసం పోతుంది, మీసం పోతే సంబంధం పోతుంది, అన్నిటికంటే ముందు నా పరువు ఇక్కడే రోడ్డు మీద పోతుంది. మంగంపేట దాకా పోయాక ఆ ఇల్లు దొరకలేదని చెప్పి వెనక్కి వచ్చేద్దామని మనసులో గట్టిగా అనుకున్నాను. చూడండి నా పట్టుదల!

రాయచోటి రాగానే పెద్దనాయన డ్రైవరుతో, "ఓబులేసు మామ ఇల్లు ఈడనే గదా. ఆయనకు ఇనుప సామాన్ల వ్యాపారం, మంగంపేట గనులోళ్లంతా తెలుసు. ఆయన్నీ తోడుకొని పోదాం" అన్నాడు.

మస్తాన్ నా చెవిలో, "ఇంక నువ్వు సచ్చినావు" అన్నాడు. వాడి గొంతులో జాలి కంటే సంతోషమే ఎక్కువ వినబడింది.

కాబోయే మామ మమ్మల్ని చూసి కంగారుపడి కుర్చీలు వేయించాడు. పెద్దనాయన కూర్చుని జరిగిందంతా గంభీరంగా చెప్పాడు. "అన్న పేరు విక్రాంతప్ప, తమ్ముడు రణధీరప్ప. ఉత్తరం దిక్కు తలుపు తమ్ముడే తెరిచినాడంట. చుట్టూ కాలవ. వాకిట్లో కుక్క కంటే పెద్ద జంతువొకటి. నీకు తెల్సిన ఇల్లేనా చూడప్పా."

మామ తల గోక్కుంటుండగా లోపలి నుంచి కాఫీ గ్లాసులతో నిర్మల వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాయనా, అది శరభకోట గదా!"

"యా ఊరమ్మా అది?"

"ఊరు కాదు నాయనా. ఫోన్లో వచ్చే కథ. నేను రెండుసార్లు చూసినా."

పెద్దనాయన నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"ఏమిరా, నిజమేనా?"

తల ఊపాను.

"అయితే ఎవురూ చావలేదు?"

"లేదు పెద్దనాయనా."

"బిడ్డలు?"

"లేరు."

తిడతాడనుకున్నాను. కొడతాడని కూడా అనుకున్నాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "పోనీలే, బతికినాం" అని ఒక అరటిపండు ఒలుచుకున్నాడు. అది పూర్తిగా తిన్నాక తువ్వాలు భుజం మీద సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

"పంచాయితీ మొదలుపెట్టినాక తీర్పు చెప్పకుండా లేచే అలవాటు నాకు లేదు. అమ్మా, ఆ తాళంచెవి సంగతి నువ్వు సరిగ్గా చెప్పు. వీని మాట నేను నమ్మను."

నిర్మల చెప్పింది. రణధీరుడు ఏట్లో ఈత కొడుతూ తాళంచెవి పోగొట్టుకోవడం, అన్నతో "నా దగ్గరే ఉండాది" అనడం, ఆ తర్వాత అన్న అడిగినప్పుడల్లా మాట మార్చడం. మేమిద్దరం ఆ భాగాల్ని ముందుకు జరుపుకుంటూ చూశాం. యుద్ధం లేదని.

పెద్దనాయన తీర్పు చెప్పాడు. "వాడు బిడ్డల కోసమూ తెరవలా, ఆస్తి కోసమూ తెరవలా. ఆ తాళంచెవి శత్రువులకు దొరికింటాది. 'తలుపు తియ్, లేకుంటే దీన్ని మీ అన్నకు చూపిస్తాం' అనింటారు. తాళం పోయిన దినమే 'అన్నా, తప్పయిపాయ' అనింటే రెండు తిట్లతో పొయ్యేది. ఆ ఒక్క మాట అనేకి నోరు రాక కోటనే పోగొట్టుకున్యాడు. ఏమిరా ఓబులేసూ, అట్లాంటోళ్లు నీకెవురైనా తెల్సా?"

మామ నన్ను చూశాడు. మస్తాన్ నన్ను చూశాడు. నేను నా కాళ్లను చూసుకున్నాను. "తప్పయిపాయ పెద్దనాయనా" అన్నాను. వేంపల్లెలో అనాల్సిన మాట రాయచోటిలో అన్నాను.

అక్కడితో అయిపోయేదే. కానీ మస్తాన్ సంతోషం పట్టలేక, "అయితే వీడు పందెం ఓడినట్టే గదా పెద్దనాయనా? మీసం తీసేయల్ల" అన్నాడు.

"నువ్వేమన్యావు?"

"సింహాసనం కోసమని."

"అయితే నువ్వూ ఓడినావు. ఈడ మంగలంగడి యాడుండాది?"

అరగంటకు ఇద్దరం నున్నటి మూతులతో తిరిగి వచ్చాం. మస్తాన్ మొహం నీళ్లలో నానబెట్టిన గుడ్డలా ఉంది. నాది ఎలా ఉందో చూసుకునే ధైర్యం చేయలేదు. నిర్మల నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. చాలాసేపు బయటికి రాలేదు.

మామ గుమ్మం దగ్గరకు పోయి మెల్లగా, "అమ్మా, నీకింకా ఇష్టమేనా? మొహమాటం లేకుండా చెప్పు" అన్నాడు.

లోపలి నుంచి గొంతు వినబడింది. "మీసం మళ్లా వస్తాదిలే నాయనా. శరభకోట చూసేటోడు మళ్లా దొరకడు."

మిగిలిన అరటిపళ్లు అందరం తిన్నాం. అంత తియ్యటి పళ్లు నేను మళ్లీ తినలేదు.

ఏడాదికి మూడో సీజను వచ్చింది. అప్పటికి మాకు పెళ్లయింది, మీసమూ పెరిగింది. మొదటి భాగంలోనే శత్రువుల సేనాని సంచిలోంచి తాళంచెవి తీసి రణధీరుడి కళ్ల ముందు ఆడించాడు. నేనూ నిర్మలా నోరు తెరుచుకుని చూస్తుంటే ఫోన్ మోగింది.

"ఏమిరా, చూస్తివా?" గంగిరెడ్డి పెద్దనాయన గొంతు. "నేను చెప్పలా? అది సరే గానీ, ఆ జంతువుకు నలభై గొర్రెలు పెడతాండారు, నువ్వు నాలుగు రొట్టెలంటివి. అదొక అబద్ధం లెక్కలో మిగిలిపోయుండాది."

కనుక పాఠక మహాశయులారా, సూర్యచంద్రుల సాక్షిగా, ఏడు తలల శరభం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఏ కథనూ ఇంటి గుమ్మం దాటించి పంచాయితీకి తీసుకుపోను. తప్పు చేసిన ఊళ్లోనే ఒప్పుకుంటాను, పక్క ఊరి దాకా లాగను. ఇది నా మీసం మీద ఒట్టు అని రాయబోతుంటే నిర్మల భుజం మీంచి చూసి, "దాని మీద మాత్రం వేయాకు, అది నిలకడగా ఉండేది కాదు" అంది.

సరే. మస్తాన్ మీసం మీద ఒట్టు.