చేపల పొట్లంలో దొరికిన విమానం

విమానం టికెట్టు ఏ వారంలో చవగ్గా దొరుకుతుందో ఇవాళ పిల్లలు ఫోన్లో బొటనవేలితో కనిపెట్టేస్తున్నారు. చూసి నాలో నేను నవ్వుకుంటాను. ఆ పని నేను ఎనభైల మొదట్లోనే, చేపల వాసన కొట్టే పాత పేపర్లతో చేశాను. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకుంటే తప్పేం లేదు. గొప్పే చెప్పుకుంటున్నాను.

మాది విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డు పేట. నాన్న మరబోటు మీద వేటకి వెళ్తే నాలుగైదు రోజులకి గానీ ఇంటి మొహం చూసేవాడు కాదు. అమ్మ చేపలమ్మేది. తెల్లారకుండానే హార్బరుకి వెళ్లి, వేలంలో చేపలు పాడుకుని, పక్కనే ఉన్న ఐసు ఫ్యాక్టరీలో ఐసు కొట్టించుకుని, గంపతో సహా వ్యానెక్కి గోపాలపట్నం మార్కెట్టుకి చేరేది. నేను ఆ పేటలో టైపు నేర్చుకున్న మొదటి ఆడపిల్లని. పోర్టు దగ్గర ఓడల సరుకు విడిపించే ఆఫీసులో టైపిస్టుగా చేసేదాన్ని. ఆదివారాలు మాత్రం అమ్మ పక్కన కూర్చుని పొట్లాలు కట్టేదాన్ని.

అమ్మ కోరికకి మూలం ఆ ఐసు ఫ్యాక్టరీలో ఉంది. అక్కడ గుమస్తా బల్ల వెనక గోడకి ఒక క్యాలెండరు వేలాడేది. ఏళ్లు గడిచిపోయినా బొమ్మ బాగుందని దాన్ని తియ్యలేదు. తెల్లటి కొండలు, కింద పచ్చటి చెట్లు, ఒక చెక్క ఇల్లు. దాని కింద కాశ్మీరు అని రాసుందని అమ్మకి చెప్పింది నేనే. తన వంతు వచ్చేదాకా అమ్మ దాన్నే చూస్తూ నిలబడేది. ఒకరోజు నన్నడిగింది.

"ఆ ఐసంతా ఎవులిదే?"

"ఎవరిదీ కాదమ్మా. ఆకాశంలోంచి పడుతుంది."

"ఉత్తినేనా?"

"ఉత్తినే."

తన పదేళ్ల వయసు నుంచీ ఐసు దిమ్మకి డబ్బు కడుతున్న మనిషి ఆవిడ. "సచ్చీలోగా ఒక్కపాలి సూడాలే," అంది. ఇంకేదీ, ఒక కొత్త చీర కూడా, అమ్మ నన్ను నోరు తెరిచి అడగలేదు. అందుకే ఆ మాట నాలో ముల్లులా దిగబడిపోయింది.

కాశ్మీరు వెళ్లాలంటే డబ్బు ఒక్కటే అడ్డం కాదు. గోపాలపట్నంలో చేపలమ్మే ఆడవాళ్లకి ఒక్కొక్కరికీ ఒక్కో నల్లరాతి బండ ఉండేది. దానికి కాగితం లేదు, పట్టా లేదు. ఉన్నదల్లా ఒక కట్టుబాటు. బండ తడిసినన్నాళ్లూ అది నీది. ఎనిమిది రోజులు వరసగా ఎండిపోతే, తొమ్మిదో నాడు ఎవరు ముందు గంప దించితే వాళ్లది. తడపాల్సింది కూడా ఆ వరసలో కూర్చునే ఆడవాళ్లే. మొగుళ్లూ పిల్లలూ వచ్చి నీళ్లు పోస్తే చెల్లదు, ఒకరి బండ ఇంకొకరు తడిపిన రోజూ లేదు. ఎవరి బండ ఎప్పుడు ఎండుతుందా అని మార్కెట్టు బయట ఎండలో గంపలు పెట్టుకున్నవాళ్లు ఎదురుచూస్తుండేవారు. నన్ను కన్నప్పుడు కూడా అమ్మ ఏడో రోజున వచ్చి బండ మీద నీళ్లు పోసిపోయిందట.

ఇక రైలు లెక్క చూడండి. ఢిల్లీకి రెండు రోజులు. అక్కణ్ణుంచి జమ్మూ, జమ్మూ నుంచి కొండల్లో బస్సు, మరో రెండు రోజులు. రానూపోనూ దారిలోనే ఎనిమిది రోజులూ అయిపోతాయి. ఐసుని ముట్టుకుని వెనక్కి తిరగడానికి కూడా టైముండదు. ఢిల్లీ నుంచి శ్రీనగరుకి విమానం ఎక్కితే మాత్రం రెండు రోజులు అక్కడ ఉండి ఎనిమిదో నాటికి ఇంట్లో ఉండొచ్చు. విమానం టికెట్టు నా జీతానికి అందేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం ఎవరికో వంజరం ముక్కలు పొట్లం కడుతుంటే, ఇంగ్లీషు పేపర్లో ఒక ప్రకటన కనబడింది. ఢిల్లీ నుంచి శ్రీనగరుకి, వేసవి రద్దీకి ముందు కొద్ది వారాల పాటు, రానూపోనూ టికెట్టు దాదాపు సగం ధరకి. నేను ఆ ముక్కలు వేరే కాగితంలో కట్టి, దీన్ని జాకెట్లో దోపుకున్నాను. సాయంత్రానికి అమ్మ మార్కెట్టంతా చాటేసింది. పక్క బండ ఆవిడకి మాత్రం చెప్పలేదు. ఒక పెళ్లివారి బేరం ఎవరిదన్న గొడవలో వాళ్లిద్దరికీ అయిదేళ్లుగా మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే ఎదురుగా ఉన్న కొనుగోలుదారుకి చెబుతున్నట్టు చెప్పుకునేవారు. అమ్మ ఆరోజు ఎవరో మాస్టారికి చేప కోస్తూ, "నాను ఇమానమెక్కుతాను బాబూ," అని అవసరానికి మించి గట్టిగా అంది.

సోమవారం ఇద్దరం డాబాగార్డెన్స్‌లో ఒక టికెట్ల ఆఫీసుకి వెళ్లాం. అమ్మ జరీ అంచు చీర కట్టుకుంది, తల్లో కనకాంబరాలు పెట్టుకుంది. బల్ల వెనకాయన సఫారీ సూటులో ఉన్నాడు. నేనిచ్చిన కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, దానికంటుకున్న పొలుసుని పెన్నుతో గీకి, పై అంచు చూశాడు.

"ఇది పోయినేడాది పేపరమ్మా," అన్నాడు.

మా ఇంట్లో పేపరుకి తారీకు ఉండేది కాదు. తడి పేపరు, పొడి పేపరు, అంతే. పాత పేపర్ల కొట్లో కిలోల లెక్కన కొనే కాగితం మీద తారీకు చూడాలని టైపిస్టునై ఉండి కూడా నాకు తోచలేదు. ఆయన నవ్వు ఆపుకోలేక పక్క బల్లాయనకి కూడా చూపించాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. అమ్మ మాత్రం తొణకలేదు.

"సేప పాతదైతే వాసనొత్తాది బాబూ. పేపరు పాతదైతే ఏ వాసనా రాదు. మాకెలగ తెలుస్తాది?" అంది.

మర్నాడు పక్కావిడ ఒక ముసలాయనకి కవళ్ల చేపలు తూస్తూ, "కొంతమందికి ఇమానం వొచ్చి ఎల్లిపోనాది తాతా," అందట. అమ్మ తలెత్తకుండా కత్తిపీట మీద పనిచేసుకుందట. ఎదురుమాట అనకుండా అమ్మ ఊరుకోవడం నాకు అంతకుముందు తెలియదు. ఆ సంగతి విన్నాక నాకు పట్టుదల పెరిగిపోయింది. నాకు కోపం వస్తే ఏడుపు రాదు, పని ముంచుకొస్తుంది.

పాత పేపర్ల కొట్టాయన్ని పట్టుకుని, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న ఇంగ్లీషు పేపర్లు ఏ ఏడాదివైనా నాకే ఇమ్మన్నాను. ఇంట్లో ఉన్న కట్టలన్నీ కూడా విప్పాను. ఏడాదికో కుప్ప పెట్టి, చదివినదాన్ని చదివినట్టు మడతపెట్టేదాన్ని. నాన్న వేట నుంచి వచ్చి పడుకోవడానికి చోటు వెతుక్కుని, "ఏటిదంతా, ఇల్లా, పొట్లాల కొట్టా?" అన్నాడు. సంగతి చెప్పాను. మమ్మల్నిద్దర్నే అంతదూరం పంపడేమోనని నా భయం. ఆయన కాసేపు గెడ్డం గోక్కుని, "నాను నీళ్లమీద దిక్కు నేకుండా ఎల్లట్నేదేటి. మీరు కొండమీదికి ఎల్లనేరా?" అని, ఒక కుప్పని తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

నెలన్నరకి నా కుప్పల్లోంచి అదే ప్రకటన మూడు వేరువేరు ఏళ్లది దొరికింది. మూడు తారీకులూ వేరు. కానీ పంచాంగం పక్కన పెట్టి చూస్తే మూడుసార్లూ శివరాత్రి వెళ్లి ఉగాది రాకముందే వచ్చింది. చలికాలపు జనం వెళ్లిపోయి, వేసవి సెలవుల జనం ఇంకా బయల్దేరని ఆ సందులో విమానాలు ఖాళీగా ఎగురుతాయన్నమాట. పైగా సగం ధర సీట్లు కొన్నే. ఎవరు ముందు అడిగితే వాళ్లకే. మా మార్కెట్టు బండల కట్టుబాటే అక్కడా నడుస్తోంది.

మరుసటి ఏడాది శివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచీ రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ నేను ఆ టికెట్ల ఆఫీసుకి వెళ్లేదాన్ని. సఫారీ ఆయన నన్ను చూడగానే "రాలేదమ్మా," అనేవాడు. రెండో వారంలో ఒకరోజు నేను వెళ్లేసరికి ఢిల్లీ నుంచి వచ్చిన టెలెక్స్ కాగితం చేతిలో పట్టుకుని అయోమయంగా ఉన్నాడు.

"ఇప్పుడే వచ్చింది. ఇంకా పేపర్లో కూడా పడలేదు. మీకు ఎవరు చెప్పారు?"

"చేపల పొట్లం," అన్నాను.

ఆ రెండు టికెట్లూ ఆ ఆఫీసులో ఆ ఏడాది సగం ధరకి అమ్ముడైన మొదటివి. ఆయన లేచి నిలబడి చేతికిచ్చాడు. నా జీవితంలో ప్రమోషన్లు వచ్చాయి, సన్మానాలూ జరిగాయి. ఆ రెండు కాగితాలు పట్టుకుని డాబాగార్డెన్స్ నుంచి పోర్టు దాకా ఎండలో నడిచిన నడక ముందు అవేవీ నిలవలేదు.

డబ్బు కోసం ముందే అమ్మ చీటీ పాడింది, నేను ఆఫీసులో అడ్వాన్సు తీసుకున్నాను. బయల్దేరే రోజు పొద్దున్న అమ్మ మార్కెట్టుకి వెళ్లి బండ మీద చెంబుతో నీళ్లు పోసి, ఇంటికొచ్చి చీర మార్చుకుంది. రైల్లో రెండు రోజులూ ఉప్పుచేప వేపుడు, చద్దన్నం. విమానంలో కిటికీ సీటు అమ్మది. కింద తెల్లగా కనబడినదాన్ని మేఘమన్నాను. కాసేపటికి అది మేఘం కాదని నాకే అర్థమైంది. అమ్మకి ముందే అర్థమైంది.

గుల్మార్గులో అమ్మ అద్దె బూట్లూ, అద్దె కోటూ వేసుకుని మంచులో నాలుగడుగులు వేసింది. ఒంగి పిడికెడు తీసింది. నలిపింది. నోట్లో వేసుకుంది. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మని తట్టి చూసేటప్పుడు పెట్టే మొహమే పెట్టింది.

"గుల్ల ఐసు. దీన్లో కానాగడత సేపలు యేత్తే మద్దేన్నానికి పాడైపోతాయి," అంది.

నాకు నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇంత ఐసు. ఒక్క సేప నేదు," అని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఏడవడం చూసి నేనూ ఏడ్చేశాను. దుఃఖం కాదు. మా అమ్మ కొండమీద నిలబడి ఉంది, ఆవిణ్ణి నేను తెచ్చాను అన్న పొగరు అది.

తిరుగు రోజున శ్రీనగరులో మబ్బు పట్టి విమానం ఎగరలేదు. ఆ మర్నాడూ ఎగరలేదు. అమ్మ ఎయిర్‌పోర్టులో కుర్చీలో కాకుండా నేలమీద కూర్చుని వేళ్లు మడిచి రోజులు లెక్కపెడుతోంది. నాకు పోయేదేం లేదు. నాకు విమానం దిగడం, ఆఫీసుకి వెళ్లడం, అంతే. ఆవిడకి పాతికేళ్ల బండ. "నా వల్లేనమ్మా," అన్నాను. "నువ్వు మబ్బు తెచ్చినావేటి," అంది గానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

విశాఖపట్నంలో దిగేసరికి పదో రోజు. అమ్మ ఇంటికి కూడా రాలేదు. సంచులతోనే గోపాలపట్నం వెళ్దామంది. పోయిందో లేదో కళ్లతో చూస్తే గానీ మనసు నిలవదంది. మార్కెట్టులోకి అడుగుపెట్టేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు నేను పట్టుకునేదాన్ని.

బండ ఖాళీగా ఉంది. నల్లగా మెరుస్తోంది. అంచుల్లోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.

పక్క బండ మీద ఆవిడ పీతల కాళ్లు విరుస్తూ తల కూడా ఎత్తలేదు. ఎదురుగా కొనేవాళ్లు ఎవరూ లేరు. అందుకని ఆరేళ్ల తర్వాత అమ్మతోనే మాట్లాడాల్సి వచ్చింది.

"నీమీద పేమ అనుకునేవు. ఇక్కడ మరొకర్తి కూకుంటే దాని నోటికి నానెక్కడ ఆగుతాను. నీ నోరు అలవాటైపోనాది."

ఆవిడ చెంబు పక్కనే ఉంది. అమ్మ దాన్ని చూసి, ఆవిణ్ణి చూసి, సంచి కింద పెట్టి తన బండ మీద కూర్చుంది. ఆవిడే మళ్లీ అడిగింది, పీతల్నే చూస్తూ.

"ఐసు ఎలగున్నాది?"

అమ్మ ఎంత గొప్పగానైనా చెప్పుకోవచ్చు. చెప్పుకునే హక్కు ఉంది. తిరుగు దారి పొడుగునా నాకూ, రైల్లో పక్కవాళ్లకీ చెప్పిన మనిషే. ఆవిడకి మాత్రం, "సెపితే తెలీదొదినా. నువ్వు సూడాల," అంది.

మరుసటి శివరాత్రికి అమ్మ నాకు గుర్తుచెయ్యనవసరం లేకుండానే నేను డాబాగార్డెన్స్ వెళ్లాను. సఫారీ ఆయన నన్ను చూసి టెలెక్స్ వచ్చిందా అని తనే వెనక్కి తిరిగి అడిగాడు. పక్క బండావిడ తన కొడుకుతో వెళ్లింది. ఆవిడ లేని రోజుల్లో ఒక ఆదివారం నేను మార్కెట్టుకి వెళ్లి కూర్చున్నాను. అమ్మ వ్యాను దిగి, గంప దించి, చెంబు తీసుకుని కుళాయి దగ్గరికెళ్లింది. ముందు పక్క బండ మీద రెండు చెంబులు పోసి, చేత్తో మూలమూలకీ రుద్దింది. తర్వాతే తన బండ తడుపుకుంది.